మెరిసిన నెత్తుటి చుక్క

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను విజయనగరంలోని ఒక ప్రయోగశాలకు, విష పరీక్షల విభాగంలో సైంటిఫిక్ ఆఫీసరుగా వేశారు. ఆ వేసవిలోనే కొత్త పరికరం ఒకటి నా చేతికి అప్పగించారు. పేరు బయోసెన్సర్. గంజాయి మత్తును గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీను, దానికి అంటించిన రంగు ఒక చిన్న గుంటలో ఉంటాయి. రక్తం నుంచి తీసిన తేటను అందులో వేసి నీలి వెలుగు చూపిస్తే, మత్తు ఉన్నప్పుడు ఆకుపచ్చగా మెరుస్తుంది. వేలి నుంచి తీసిన చుక్క చాలు.

ఇది ప్రాథమిక పరీక్ష మాత్రమే. మోచేతి దగ్గర సూదితో తీసిన రక్తం విడిగా పెద్ద ప్రయోగశాలకు నిర్ధారణకు వెళ్తుంది. దానికి వారాలు పడతాయి. ఈలోగా పోలీసులకు ఆధారం నా కాగితమే.

ప్రతి నమూనాకూ ‘బ్లాంకు’ చెయ్యాలని నియమం. అంటే ప్రొటీనూ రంగూ లేని ఖాళీ గుంటలో అదే తేటను వేసి చూడటం. అందులోనూ మెరిస్తే ఆ మెరుపు మత్తు వల్ల కాదు, తేటలో ఇంకేదో ఉందన్నమాట. గుంటలు తక్కువ వచ్చాయని నేను పొద్దున్నే ఒకసారి శుద్ధమైన నీటితో బ్లాంకు చేసి, రోజంతటికీ అదే చాలనుకునేదాన్ని. దాన్ని పొదుపు అన్నాను. బద్ధకం అనాలి.

ఒకరోజు నెల్లిమర్ల దగ్గర బడి బస్సు కల్వర్టు గోడకు రాసుకుంది. పిల్లలంతా క్షేమం. డ్రైవరు అప్పలనాయుడికి అద్దం పెంకు తగిలి వేళ్లు తెగాయి. అతని రక్తం మధ్యాహ్నానికి నా బల్ల మీదికి వచ్చింది. మెరిసింది, మతాబాలా మెరిసింది. ‘గంజాయి ఉన్నట్టు ప్రాథమిక సూచన’ అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు అతన్ని కోర్టులో హాజరుపరుస్తామని చెప్పి హెడ్ కానిస్టేబులు కాగితం పట్టుకెళ్లాడు.

అతను వెళ్లిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. అంత మెరుపు నేనెప్పుడూ చూడలేదు. ముద్ద నోట పెట్టబుద్ధి కాక క్యారియరు మూసేశాను.

వరండాలో ఒకావిడ మా అటెండరుతో మాట్లాడుతోంది. అప్పలనాయుడి భార్య. కేసు తాలూకు మనుషులతో మేం మాట్లాడకూడదు. వినకుండా మాత్రం ఉండలేకపోయాను.

“గంజాయేటి తల్లీ, మా మావ సుట్ట కూడా ముట్టడు. నెత్తురు ఆగకపోతే నేనే ఏళ్ళకి పసుపు అద్దినాను. ఆ సెయ్యే పట్టుకుని పొడిసి తీసినారు. పసుపు తప్ప ఆడి ఒంట్లో ఏటీ నేదు.”

పసుపు నీలి వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. నేను చదువుకున్నదే. మిగిలిన తేటను ఖాళీ గుంటలో వేశాను. మెరిసింది. నా వేలికే క్యాంటీను పసుపు రాసుకుని, తుడుచుకుని, పొడుచుకుని చూశాను. అదీ మెరిసింది.

నివేదిక వెనక్కి తీసుకుంటానంటే మా పై అధికారి, నిర్ధారణ వచ్చేదాకా ఊరుకోమన్నారు, విరమణ ముందు మాట పడటమెందుకన్నారు. నేను ఊరుకుంటే అతను జైల్లో కూర్చోవాలి కదా అన్నాను. స్టేషనుకు ఫోను చేస్తే ఎస్సైకి చిరాకొచ్చింది.

“ఇందాక ఉన్నాదన్నారు, ఇప్పుడు నేదంటన్నారు. ఏటి రాయమంటారు మేడమ్?”

“లేదని అనలేదండీ. తెలియదని రాయండి.”

అదే నిజం. పసుపు వెనక గంజాయి కూడా ఉండొచ్చు. ఉపసంహరణ పత్రం ఆ సాయంత్రమే పంపాను. కోర్టు అతన్ని ఇంటికి పంపింది. బడివాళ్లు మాత్రం బస్సు తాళాలు ఇవ్వలేదు. నిర్ధారణ వచ్చేదాకా ఇరవై రోజులు, పిల్లల బస్సు హారను వినిపిస్తే చాలు, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి చూసేదాన్ని. తప్పు చేసిన మనిషిని విడిపించానా, తప్పులేని మనిషిని ఇరికించానా అన్నది అప్పటికీ నాకు తెలియదు.

చివరికి నిర్ధారణలో మత్తు పదార్థమేదీ లేదని వచ్చింది. తాళాలు తిరిగి అతని చేతికొచ్చాయి.

పరికరం మెరిసిందని మాత్రమే చెబుతుంది. ఏది మెరిసిందో కనుక్కోవలసింది సంతకం పెట్టేవాళ్లు. ఆ పని సంతకానికి ముందు చెయ్యాలి. నేను తర్వాత చేశాను.