పోయిన ఏడాది జవాబు

డెబ్బైలలో నేను బెజవాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. శనివారం చివరి పీరియడ్ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నా నెత్తిన వేశారు. ఆ గంటలో సిలబస్ పక్కన పెట్టి, రేపు మీరు ఏ ఎరువుల ఫ్యాక్టరీలోనో కూర్చుని రాసే అంకె ఎవరింటి బిందెలోకి వెళ్తుందో ఆలోచించండర్రా అని చెప్పేదాన్ని. పిల్లలు బుద్ధిగా తలలూపేవాళ్ళు. చూపులు మాత్రం కిటికీలోంచి బస్టాపు మీద ఉండేవి. స్టాఫ్ రూములో నాకు హరికథ మేడమ్ అని పేరు పెట్టారు.

మా లాబ్‌లో ఒక ఆచారం ఉండేది. టైట్రేషన్ అంటే గాజు గొట్టంలోంచి ఒక ద్రావణాన్ని ఇంకోదాంట్లోకి చుక్కచుక్కగా వదిలి, రంగు మారగానే ఆపి, ఎంత పట్టిందో రాయడం. ఓపిక పని. అటెండరు ఏటా అవే పాళ్ళలో కలిపేవాడు కాబట్టి ఏటా అదే జవాబు వచ్చేది. సీనియర్లు దాన్ని జూనియర్లకి అప్పజెప్పి పోయేవాళ్ళు. వీళ్ళు జవాబు ముందు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు వెనక నుంచి అల్లేవాళ్ళు. దాన్ని కుక్ చేయడం అనేవాళ్ళు. సాటి లెక్చరర్లకీ తెలుసు. వాళ్ళూ అలాగే పాసయ్యారు మరి.

ఒక ఏడాది నాకు ఒళ్ళు మండి, ప్రాక్టికల్ రోజు అందరికంటే ముందు వెళ్ళి ఆ ద్రావణంలో నీళ్ళు కలిపాను. క్లాసు క్లాసంతా పోయిన ఏడాది జవాబే రాసింది. చల్లపల్లి దగ్గర పల్లెటూరి రైతుల అబ్బాయి ఒక్కడు మాత్రం మళ్ళీ మళ్ళీ చేసి, చివరికి తనకి కనబడిందే రాశాడు. "తప్పొచ్చిందండీ మేడమ్, నాకు చేతకాలేదు" అంటూ తల వంచుకుని పేపరిచ్చాడు. వాడికి తప్ప ఎవరికీ మార్కులు వేయలేదు.

గెలిచాననుకున్నాను. ఆ వారం నుంచి భోజనాల వేళ వాడి బెంచీ మీద వాడొక్కడే. నన్నేమీ అనలేక పిల్లలు వాణ్ణి వెలేశారు. స్టాఫ్ రూములో నేను క్యారియర్ విప్పేసరికి నా పక్క కుర్చీలూ ఖాళీ అయ్యేవి. కాలేజీ పరువు తీశానని వాళ్ళ కోపం. భవానీపురంలో నేను అద్దెకుండే వాటాకి వెళ్తే అక్కడా ఒక్కదాన్నే. మనిషి గొంతు వినాలనిపించి, కూరగాయలామెతో కొనని కూరకి కూడా బేరమాడిన రోజులున్నాయి.

కొన్నేళ్ళకి, వేసవికి కాలువల్లో నీళ్ళు కట్టేసే రోజులు దగ్గరపడ్డాక, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ అబ్బాయి మా ఇంటికొచ్చాడు. కంకిపాడు అవతల కాలువ పక్కన ఒక ఫ్యాక్టరీలో కెమిస్టయ్యాడట. వాడిన నీళ్ళని కాలువలోకి వదిలేముందు పరీక్ష చేసి, వదలొచ్చో లేదో రాయడం వాడి పని. డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు, చేతిలో టిఫిన్ బాక్సుంది.

"నీళ్ళు బాగాలేవండీ. వదలకూడదని రాశాను," అన్నాడు. "మేనేజరుగారేమో పోయిన నెల రీడింగే వేసెయ్యమన్నారు. కాలువ కట్టేస్తారని కింద ఊళ్ళన్నీ ఇప్పుడే మంచినీళ్ళ చెరువులు నింపుకుంటున్నాయి కదండీ. మా ఊరు కూడా. రేపు పొద్దున మార్చి రాయకపోతే ఇక రావద్దన్నారు."

"తోటివాళ్ళేమంటున్నారు?"

"పని ఆగితే కూలి ఆగుతుందని వాళ్ళ భయమండీ. ఇవాళ అన్నానికి నా దగ్గర ఎవరూ కూర్చోలేదు. నాకూ తినబుద్ధి కాలేదు."

శనివారాల్లో అంత హరికథ చెప్పాను. ఉన్నది రాయమని చెప్పినన్నాళ్ళూ, రాశాక పక్కన ఎవరు కూర్చుంటారో నేను చెప్పింది లేదు. వాడి మొహం చూస్తే మార్చి రాసెయ్ నాయనా, బతికిపోతావు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది.

లోపలికి వెళ్ళి నా కంచం తెచ్చుకున్నాను. అరుగు మీద వాడి పక్కన కూర్చుని, బాక్సు విప్పమన్నాను. నా గోంగూర వాడికి వేశాను, వాడి వంకాయ కూర నేను తీసుకున్నాను. పక్కన మనిషి ఉండగా అన్నం తిని ఎంత కాలమైందో.

"అలవాటవుతుందా మేడమ్?" అన్నాడు వాడు, నా వైపు చూడకుండా.

అవుతుంది అని ఉంటే వాడికి ధైర్యంగా ఉండేదేమో.

"లేదు నాయనా. నాకైతే అవలేదు," అన్నాను.

వాడు గోంగూర ఇంకాస్త కలుపుకున్నాడు. "మీరు కూడా నాకోసం మార్చి చెప్తారేమోనని భయపడ్డానండీ," అన్నాడు.

బాక్సు కుళాయి దగ్గర కడుక్కుని, ఇంకెక్కడైనా ఉద్యోగం ఉంటే చెప్పమని అడిగి, బస్సుకి వెళ్ళిపోయాడు.