ఎనిమిది మంది మిలాగ్రోస్‌లు

కాదిజ్ రేవుపట్నం పెద్ద బజారులో మిలాగ్రోస్ గొంతు ఎరగనివాళ్ళు లేరు. ముప్ఫయ్యేళ్ళుగా అదే రాతిబల్ల వెనక, రబ్బరు బూట్లు, ఏప్రను వేసుకుని, చెవులకు పెద్ద ఆకుపచ్చ పోగులు పెట్టుకుని, "నెత్తళ్ళమ్మా, నెత్తళ్ళు! ఇంకా సముద్రంలోనే ఉన్నామనుకుంటున్నాయి!" అని ఆమె కేకేస్తే అవతలి పళ్ళ దుకాణాల దాకా వినపడేది. చేపల కోసం వచ్చేవాళ్ళు ఎందరో, ఆ నోటి కోసం వచ్చేవాళ్ళూ అందరే.

ఆ ఏడు, జనం వేషాలు కట్టి వీధుల్లో ఎకసెక్కపు పాటలు పాడే కార్నివాల్ పండగలో, శనివారం పొద్దున ఒక ముసలావిడ సంచీ చాపుతూ కిసుక్కున నవ్వింది.

"విన్నావుటే? మీ వీధి మంగలి ఎలాదియో నీ మీద పాట కట్టాడు. నిన్న నవ్వలేక చచ్చాం."

"నా మీదా! ఏమని?"

"నేను చెబితే ఏం బాగుంటుంది? వెళ్ళి నువ్వే విను."

ఆదివారం మధ్యాహ్నం లా వీన్యా పేటలో కాలు మోపే చోటు లేదు. వీధిలోనే నిలబడి సముద్రపు గుల్లలు తింటున్నవాళ్ళను మోచేతులతో నెట్టుకుంటూ మిలాగ్రోస్ చర్చి దగ్గరికి చేరింది. చేరి, నోరు తెరిచి నిలబడిపోయింది. మెట్ల మీద ఎనిమిది మంది మిలాగ్రోస్‌లు ఉన్నారు. అవే బూట్లు, అదే ఏప్రను, అవే ఆకుపచ్చ పోగులు. అందరికీ మీసాలు మాత్రం అదనం. మధ్యలో ఎలాదియో డప్పు వాయిస్తూ పాట ఎత్తుకున్నాడు:

"పొగమంచు కమ్మిన పూట రేవులో సైరను మూగబోయిందమ్మా,
మిలాగ్రోస్ ఒక్క కేక పెడితే ఓడ ఒడ్డుకొచ్చిందమ్మా!
నిద్దట్లోనూ చేపలను నిలబెట్టి తిడుతుందమ్మా,
పక్కనున్న మొగుడు భయపడి పొలుసులు గీక్కుంటాడమ్మా!"

జనం విరగబడి నవ్వారు. ముందు వరసలో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నవాణ్ణి చూసి మిలాగ్రోస్‌కు ఒళ్ళు మండింది. అతను ఆమె మొగుడు చానో. నిద్రలో సంగతి బయటికి చెప్పగలిగినవాడు లోకంలో అతనొక్కడే.

ఆ ఊళ్ళో పాటకు కోపం తెచ్చుకుంటే, ఏడాది పొడుగునా ఆ కోపమే మారుపేరై కూర్చుంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే తిట్టలేదు. విసవిసా మెట్లెక్కి, ఎలాదియో చేతిలోంచి డప్పు లాక్కుంది.

"అయిందా మీ పాట? ఇప్పుడు అసలు మిలాగ్రోస్ పాడుతుంది, వినండి!"

"అక్కా, తమాషాకి..." అంటున్నాడు మంగలి.

"నోర్ముయ్. తాళం వెయ్."

"మంగలి ఎలాదియో కొట్టుకు రెండు చెవులతో వెళ్ళాడు మా అన్న,
ఒకటి అక్కడే ఒదిలేసి ఇంటికి తిరిగొచ్చాడు మొన్న!
ఇంటి గుట్టు మోసిన మొగుడా, నీకు నే చెప్పేదొకటే,
ఈస్టరు దాకా నీ పళ్ళెంలో ఉడకేసిన శనగలొక్కటే!"

వీధి వీధంతా గోలెత్తిపోయింది. చానో నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇంకొకటి! ఇంకొకటి!" అని జనం అరుస్తుంటే, ఆమె నిలబడ్డచోటే మరో మూడు కట్టి పాడింది.

ఇంటికి వెళ్ళేదారిలో చానో పిల్లిలా పక్కన నడుస్తూ అడిగాడు.

"ఏమే, అంత ప్రాస ఎక్కణ్ణుంచి ఊడిపడిందే నీకు?"

"ఊడిపడటమేమిటి? మా అన్న ఫెర్మీన్ చిన్నప్పుడు కార్నివాల్‌లో పాడినవన్నీ ఎవరు రాశారనుకున్నావు? చేపలు చుట్టే కాగితాల మీద నేనే రాసిచ్చేదాన్ని. ఆడపిల్ల వీధిలో పాడటమేమిటని మా నాన్న ఒప్పుకోలేదు."

చానో నడక ఆపేశాడు. "ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నాకొక్కసారీ చెప్పలేదేం?"

"చెబితే మంగలికొట్లో దండోరా వేసుండేవాడివి!"

అంటూనే ఆమె నవ్వేసింది. ఒళ్ళంతా దూదిలా తేలికగా ఉంది.

మరుసటి ఏడు బజారులోని ఆరుగురు ఆడవాళ్ళను పోగేసి, అందరికీ మంగలి కోటులు కుట్టించి, చెంపలకు నురగ పూయించి అవే మెట్లెక్కించింది. అప్పట్నుంచి ఒక్క ఏడూ మానలేదు. ఇప్పుడామెకు అరవై ఏడు. జనవరి వస్తే చాలు, ఎలాదియో కొత్తపాటల కాగితాలు పట్టుకుని చేపల బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆమె ఓ చేత్తో పొలుసులు గీకుతూ చదువుతుంది.

"ఎలా ఉందక్కా?"

"మొదటి రెండు పాదాలూ తాజాగానే ఉన్నాయిరా. ఈ మూడోది మాత్రం, ఎంత మంచులో పెట్టినా నిలవదు. తీసి అవతల పారెయ్."