ఎవరూ పలకని సున్నా

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం మా అమ్మాయి తను చదివే కాలేజీ జట్టు సాఫ్ట్‌బాల్ ఆటకు నన్నూ తీసుకెళ్లింది. ఆ రోజు ఓడితే ఆ ఏటికి ఆట ముగిసినట్టే. మా జట్టుకు బంతి విసిరే పిల్ల తల్లి నా పక్కనే కూర్చుంది.

"మనవాళ్ల బ్యాటింగ్ చూస్తే నిద్రొస్తోంది!" అన్నాడు వెనకాయన.

"ఆ పిల్ల విసరబట్టే ఇంతదాకా వచ్చాం," అందొకావిడ.

సగం ఆట దాటాక ఆ పిల్ల మాటెత్తడం అందరూ మానేశారు. బ్యాటింగ్‌ను మాత్రం తిడుతూనే ఉన్నారు. ఆమె బెంచీ మీద కూర్చుంటే తోటి పిల్లలు దూరం జరిగారు. వాళ్లింట్లో ఎవరో పోయారేమో, ఆమెకింకా చెప్పలేదేమో అనుకున్నాను.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, పైకి పలకందే చదవలేను. స్కోరుబోర్డు మీద అవతలి జట్టు వరుస చూసి, "హిట్స్... సున్..." అంటుండగా ఆ తల్లి నా నోరు మూసేసింది.

"పైకి అనకూడదమ్మా," అని మా అమ్మాయి గుసగుసలాడింది. "ఆ పిల్ల ఇంకా ఒక్క హిట్టూ ఇవ్వలేదని, తన బంతిని ఎవర్నీ సరిగ్గా కొట్టనివ్వలేదని ఎవరైనా అంటే, వెంటనే ఇచ్చేస్తుందట."

"దిష్టా?" అన్నాను ఆ వేళ్ల సందుల్లోంచి.

"అలాంటిదే. ఊరుకో."

చివరి బంతి బ్యాటుకు తగల్లేదు. గెలిచాం. బోర్డు మీద ఆ సున్నా అలాగే ఉంది. అయినా ఎవరూ వెంటనే అరవలేదు. ఆ తల్లి చెయ్యి కూడా తియ్యలేదు.