గోడకు ఆనించిన బండలు

పొద్దున లేవగానే ఏసురాజు ఇంట్లో గోడకు ఆనించి ఉన్న ప్రతిదాన్నీ నేలమీద పడుకోబెడతాడు. మంచం, నిచ్చెన, చివరికి చీపురు కూడా.

"చీపురు మీద పడితే గూడా సస్తారా ఏమప్పా?" అంటుంది భార్య ఓబులమ్మ.

బేతంచెర్లలో లారీకి నేల పరిచే నాపబండలు ఎత్తుతుండగా, నిలువునా పేర్చిన వరుస ఒరిగి అతని తమ్ముడు చనిపోయాడు. పక్కనే ఉన్న ఏసురాజు ఆ పని మానేశాడు. రాయిని రాయి ఒరుసుకున్న చప్పుడు మాత్రం అతన్ని వదల్లేదు.

"ప్రమాదం ముగిసిందని నీకు తెలుసు. నీ మెదడు ఇంకా నమ్మడం లేదు," అన్నాడు కర్నూలు డాక్టరు.

కూతురు నిస్సీ పెళ్లినాడు చర్చి వాకిలికి రెండువైపులా, నేల పరచడానికి తెచ్చిన కొత్త బండలు గోడకు ఆనించి నిలబెట్టి ఉన్నాయి. కూతుర్ని లోపలికి తీసుకెళ్లాల్సిన ఏసురాజు వాటిని చూసి ఆగిపోయాడు. చెవుల్లో అదే చప్పుడు.

"అవి మీద పడవులే నాయనా. నా చెయ్యి పట్టుకో. నువ్వు రాకుంటే నేనూ పోను," అంది నిస్సీ.

ఆమె చెయ్యి నలిగేలా పట్టుకుని నడిచాడు.

ఆనాటి ప్రమాణాలు, పాటలు అతనికేవీ గుర్తులేవు. ఎడమవైపు చివరి బండ కాస్త ముందుకు వంగి ఉందని మాత్రం చెబుతాడు.

బండల పనికి మళ్లీ పోలేదు; ఇప్పుడు డోన్ రైల్వే స్టేషన్ బయట అరటిపళ్లు అమ్ముతున్నాడు.