తొమ్మిదో నంబరు ఓడ

అమ్మమ్మ వంటింట్లో ప్రతి డబ్బాకీ ఒక చీటీ అంటించి ఉంటుంది. ఒక ఖాళీ డబ్బా మీద మాత్రం "కాఫీపొడికి పై అరలో నీలం డబ్బా చూడుము" అని ఉంటుంది. అలవాటు కొద్దీ పాత డబ్బా తెరిచినవాళ్ళు దారి తప్పకూడదట.

"ఆ ఖాళీ డబ్బా పారేస్తే పోలా?" అన్నాడు తాతయ్య ఒకసారి.

"మరి పాత చోట వెతికేవాళ్ళ గతేమిటి?"

తాతయ్య గ్లాసెత్తి కాఫీ తాగేశాడు.

ఇంట్లోనే ఇలా ఉంటే, జీతమిచ్చి మరీ ఈ పని చేయించుకునే లైబ్రరీలో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అమ్మమ్మ పని కేటలాగు రాయడం, అంటే ప్రతి పుస్తకానికీ వివరాలతో ఒక కార్డు. అందులోనూ ఆవిడకి ప్రాణం సీరీస్ పేర్లు. ఒకే వరుసలో వచ్చే పుస్తకాలకి అట్టమీద ఒక పేరు, లోపల ఇంకో పేరు, చివరి పేజీలో పొట్టి పేరు అచ్చేస్తారు. వాటిలో ఒకదాన్ని అసలు పేరుగా ఖాయం చేసి, మిగతా పేర్లతో వచ్చినవాళ్ళని కూడా అక్కడికే చేర్చాలి. ఇదేం ఉద్యోగమని ఎవరైనా అడిగితే అమ్మమ్మ తాతయ్యని చూపిస్తుంది.

"ఈయన ఒకరికి బావ, ఒకరికి బాబాయి, ఒకరికి మావయ్య, వీధిలోవాళ్ళకి గొడుగాయన. పిలుపులు నాలుగు, మనిషి ఒక్కడే. ఏ పిలుపుతో వచ్చినా ఈయన దగ్గరికే పంపాలి."

"నన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారే!" అని తాతయ్య నిట్టూరుస్తాడు.

అలాంటి అమ్మమ్మ బల్ల మీదికి ఒకరోజు కంప్యూటర్ వచ్చింది. ఇకమీదట సీరీస్ పేర్లు అదే సరిచేస్తుందన్నారు. ప్రోగ్రాము రాసే అమ్మాయి కూడా వెంట వచ్చింది. ఆమె వేళ్ళు కీబోర్డు మీద వాన చినుకుల్లా పడుతుంటే చూసి, అమ్మమ్మ ఆమెకి చకచక అని పేరు పెట్టింది. ప్రోగ్రాము కేటలాగంతా తిరిగి, తేలికగా పోల్చుకోగలిగిన పేర్లని తానే దిద్దుతుంది. అనుమానం వచ్చినవాటిని తెర మీద పెట్టి అడుగుతుంది. అవునో కాదో అమ్మమ్మ చెప్పాలి.

అమ్మమ్మ అలిగి కూర్చుంటుందని ఆఫీసంతా కాచుకుని ఉంది. అలగడమా? చేపల బుట్ట ముందు పిల్లిలా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇది దీనికెలా తెలిసిందమ్మాయ్? దాన్ని ఎందుకు వదిలేసింది?" అంటూ ప్రశ్న మీద ప్రశ్న. పాపం, చకచక ఆ వారం తిన్న తిండి కంటే చెప్పిన జవాబులే ఎక్కువ.

అదే వారంలో టైలర్ మళ్ళీ వచ్చాడు. వీధి చివర కొట్టు ఆయనది. మెడలో టేపు వేలాడకపోతే ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు. చూపు పోయిన అన్నకి రోజూ సాయంత్రం 'కెరటాల కథలు' సీరీస్ చదివి వినిపించేవాడు. ఎనిమిదో పుస్తకం చివర ఓడ చుక్కాని విరిగి, నడిసముద్రంలో కొట్టుకుపోతూ ఉంటుంది. అక్కడితో సరి.

"తర్వాతది రాలేదా మేడమ్?"

"మీరు వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నానుగా. ఎనిమిదితో అయిపోయింది. కార్డు మీద కూడా 'సమాప్తం' అని ఉంది."

"మా అన్నకి కార్డు చూపించినా లాభం లేదండీ. పోనీలే అని నేనే ఒక ముగింపు అల్లి, చదువుతున్నట్టు వినిపించాను. ఓడని ఒడ్డుకి చేర్చి, కెప్టెనుకి పెళ్ళి కూడా చేశాను. మా అన్న అంతా విని, 'ఒరేయ్, ఇక్కణ్ణుంచి గుడ్డ వేరు. అతుకు కనబడుతోంది' అన్నాడు. అప్పట్నుంచి ఇంకే పుస్తకమూ విననంటున్నాడు. సాయంత్రమైతే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు."

ఆయన వెళ్ళాక అమ్మమ్మ కాసేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

మర్నాడు తెర మీదికి ఒక అనుమానం వచ్చింది. 'నీలితెర మాల' అనే సీరీస్‌లో ఒకే ఒక పుస్తకం ఉంది. దాని నంబరు తొమ్మిది. దీన్ని 'కెరటాల కథలు'తో కలపమంటారా అని అడుగుతోంది ప్రోగ్రాము.

అమ్మమ్మ నవ్వేసింది. "ఇదేం పోలికమ్మాయ్? పేర్లలో ఒక్క మాట కూడా కలవలేదే."

"పేరు చూసి అడగలేదు మేడమ్. ఒకే పుస్తకం ఉండి దాని నంబరు ఒకటి కాకపోతే, అదే రచయిత రాసిన వేరే సీరీస్ ఎక్కడ ఆగిందో చూడమని చెప్పాను. అక్కడ ఎనిమిది, ఇక్కడ తొమ్మిది. అందుకే అడిగింది."

అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది. ఇల్లు కట్టేవాడు ఎక్కడైనా తొమ్మిదో మెట్టుతో మొదలుపెడతాడా? పాత కార్డు తీసి చూస్తే రాత తనదే. ఆ పుస్తకం విరాళంగా వచ్చినవాటి మధ్య వచ్చింది. కొత్త పేరు కనబడింది, కొత్త కార్డు రాసింది. తొమ్మిదికి ముందు ఎనిమిది ఏవని తనకి తోచనేలేదు.

"నాకు రాని ప్రశ్న దీనికి ఎలా వచ్చింది?" అంది. అందులో కోపం లేదు. పక్కింట్లో కొత్త కిటికీ తెరుచుకుంటే తొంగిచూసే మనిషి గొంతు అది.

"మరి కలిపెయ్యనా?" చకచక వేలు మీట మీదికి పోయింది.

"ఆగు. పుస్తకం చూడకుండా సంబంధం కలుపుతామా? ముందు చూపులు కానీ."

ఇద్దరూ కథల బీరువాలన్నీ వెతికారు. లేదు. అమ్మమ్మ కార్డు ఇంకోసారి చదివి నాలుక కరుచుకుంది. పుస్తకం పేరు 'తీరపు గాలులు'. తను పేరు ఒక్కటే చూసి వాతావరణం పుస్తకాల్లో పెట్టించింది. మెట్లపీట వేసుకుని పై అరలో చెయ్యి పెడితే, వానమాపకాల పుస్తకాల మధ్య నలిగి ఉంది. దుమ్ము దులిపి మొదటి పేజీ తెరిచింది. పాత ప్రచురణకర్త నుంచి సీరీస్ తన చేతికి వచ్చిందనీ, అందుకే పేరు మార్చాననీ కొత్త ప్రచురణకర్త రాసుకున్నాడు. ఆ కింద కథ విరిగిన చుక్కానితోనే మొదలైంది.

"చివరి పేజీ చూద్దామా మేడమ్?" చకచక గుసగుసలాడింది.

అమ్మమ్మ వేలు చివరి పేజీ దాకా వెళ్ళింది. అక్కడే తచ్చాడింది. తర్వాత పుస్తకం చటుక్కున మూసి చంకలో పెట్టుకుంది. "అక్కడొకాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వరుసలో ముందు ఆయనున్నాడు" అంది.

ఆ సాయంత్రమే కొట్టుకి వెళ్ళి ఇచ్చింది. టైలర్ కత్తెర కింద పెట్టి పుస్తకాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఆ రోజు ఒక లంగా అంచు సగంలోనే ఆగిపోయింది.

పది రోజులు గడిచాయి. అమ్మమ్మ పొద్దున్నే తలుపువైపు చూడటం, చకచక ఆవిడవైపు చూడటం. చివరికి టైలర్ వచ్చాడు.

"ఓడ చేరిందా?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"ఇంకా సగమే అయిందండీ! రోజుకి నాలుగు పేజీలు మించి చదవనివ్వడు. అయిపోతే ఎలా అని భయం. ఇదిగో, పదోది ఉందేమో కనుక్కు రమ్మన్నాడు."

'అయిపోయింది' అనే పాత మాట అమ్మమ్మ నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. తెర మీద కొత్తగా కలిపిన సీరీస్ తెరిచి ఉంది. దాని కింద 'పూర్తయిందా?' అని ఉండి, పక్కన అవును, కాదు అని రెండే గడులున్నాయి.

"అమ్మాయ్, ఇక్కడ ఇంకో గడి పెట్టు. 'తెలియదు' అని."

చకచక వేళ్ళు చినుకుల్లా పడ్డాయి. అమ్మమ్మ కొత్త గడిలో గుర్తు పెట్టి, టైలర్ వైపు తిరిగింది.

"మీ అన్నయ్యతో చెప్పండి, ఉందో లేదో తెలియదని. వెతుకుతున్నామనీ చెప్పండి. ఇంకోమాట, రోజుకి కనీసం ఆరు పేజీలైనా వినమనండి. ఆయన తర్వాత ఇక్కడ ఇద్దరం వరుసలో ఉన్నాం."