తువాలు ఊపిన మనిషికి మేం చెయ్యి ఊపాం

మా ఆఫీసులో పక్క సీటు సునీత, హిమానీనదం పక్కన కెనూ నడుపుతూ దిగిన ఫొటో చూపించినప్పటి నుంచి నాకు ఒకటే కుతకుత. అంత దూరం వెళ్ళే స్తోమత నాకు లేదు. అంతలో ఫోనులో ఒక ప్రకటన కనబడింది. కోనసీమ లంకల్లో గైడుతో కెనూ, కాలినడక, భోజనం, ఒక్క రోజు, మనిషికి రెండు వేల రెండు వందలు. మంచు లేకపోతేనేం, గోదావరి ఉందిగా అనుకుని వెంటనే కట్టేశాను. మీలోనూ ఈ ట్రిప్పు మీద కన్నేసినవాళ్ళు ఉంటారు. వెళ్ళండి, కానీ ముందు ఇది చదవండి.

రాజమండ్రిలో మా పెద్దమ్మగారింట్లో దిగి, ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర బస్సు పట్టుకుంటే గంటలో రావులపాలెం. అరటి గెలల లారీల మధ్య నిలబడి టీ తాగి, కొత్తపేట వైపు ఆటో మాట్లాడుకుని ఆరింటికల్లా రేవులో ఉన్నాను. మేం ఆరుగురం, లైఫ్ జాకెట్లు నాలుగు. "మిగతా ఇద్దరూ మధ్యలో కూర్చోండి మేడమ్, ఏం కాదు" అన్నాడు గైడు కిషోర్. కెనూ అని వాళ్ళు రాసింది తారు పూసిన పాత చెక్క పడవ. దాన్ని నడిపే సత్తిబాబుగారికి అరవై దాటి ఉంటాయి. అప్పుడే నాకు సగం చిరాకు మొదలైంది, కానీ నది మీద ఎర్రగా పొద్దు పొడుస్తుంటే సర్దుకుపోయాను.

లంక మొదట్లో చిన్న రేవు దాటుతుండగా గట్టు మీద ఒకావిడ తువాలు ఎత్తి ఊపుతూ ఏదో కేకేసింది. "వెల్కమ్ చెబుతున్నారు, చేతులూపండి!" అన్నాడు కిషోర్. ఆరుగురం ఊపాం. నేను వీడియో కూడా తీశాను. సత్తిబాబుగారు తెడ్డు ఆపి, "కిషోర్‌గారూ, ఒక్క పావుగంటండి" అన్నారు. "లైటు పోతే ఫొటోలు రావండీ, పోనివ్వండి" అన్నాడు కిషోర్. పెద్దాయన చుట్ట కాల్చుకోవడానికి అడిగాడేమో అనుకున్నాను నేను. నా తెలివి అంత ఏడిసింది.

ఏడున్నరకి లంక అవతలి కొసన దిగి నడక మొదలుపెట్టాం. పడవ లంక చుట్టూ తిరిగి, పొద్దున్న దాటొచ్చిన ఆ చిన్న రేవుకే వస్తుందన్నారు. ఇసుక, అరటితోటలు, కూరపాదులు, రెండు చోట్ల మోకాలి లోతు బురద. రెండున్నర గంటలు నిజంగా బాగుంది, అబద్ధం చెప్పను. పదింటికి రేవు చేరేసరికి సత్తిబాబుగారు అప్పుడే వచ్చి పడవ కడుతున్నారు. అక్కడి పాకలో పొద్దుటావిడే కూర్చుని ఉంది. పక్కన తడిగుడ్డ కప్పిన గంప.

"మీరేనామ్మా పొద్దున్న చేతులూపేరు?" అందావిడ. కోపంగా అని ఉంటే బాగుండేది.

"అవునండీ. మమ్మల్ని పలకరిస్తున్నారనుకున్నాం."

"పలకరించడం కాదమ్మా. తువాలు ఊపేమంటే పడవ రావాలండి. లంకంతటికీ ఇదొక్కటే పడవ. అవతల మల్లెపూల వ్యాను ఎనిమిదింటికి వెళ్ళిపోద్దండి."

ఆవిడ పేరు మంగాయమ్మ. ఇలా జరగడం ఇది మూడో ఆదివారమట. "ఇంకో రెండు కోతలు ఇలా పోయేయంటే పొదలు పీకేసి కూలికెళ్ళిపోవడమేనమ్మా" అంది.

నేను సత్తిబాబుగారి వైపు చూశాను. ఆయన తలెత్తలేదు. "ఆయ్, తువాలు కనబడితే ఎక్కడున్నా తిప్పాలండి. మా నాన్నగారి రోజుల్నుంచీ అంతేనండి. కానీ పడవ నాది కాదు కదండీ. రేవు వేలంలో పాడుకున్నాయన ఆదివారాలు వీళ్ళకిచ్చేసేరు."

కిషోర్ మాత్రం గంప మీది గుడ్డ ఎత్తి, "లంక మల్లెలు మేడమ్, తల్లో పెట్టుకుంటే ఫొటో అదిరిపోతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక ఊరి పడవ లాక్కుని, ఊరివాళ్ళు పిలుస్తుంటే అది స్వాగతమని మాకు అమ్ముతావా అని అందరి ముందే అడిగాను. "ఓనర్‌తో మాట్లాడే తీసుకున్నాం మేడమ్, అంతా పద్ధతి ప్రకారమే" అన్నాడు. పద్ధతట! భోజనం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆవిడని దాటించమన్నాను. మాలో ఇద్దరు "మేమూ డబ్బు కట్టాం" అని గొణిగారు. వాళ్ళ మీదా అరిచాను. సత్తిబాబుగారు ఎవరి మాటా వినకుండా గంప ఎత్తి పడవలో పెట్టేశారు.

ఆలస్యమై ఇంకా ఉంటుందేమో అనుకున్న వ్యాను అవతలి గట్టు మీద లేదు, టైర్ల జాడలే ఉన్నాయి. ఎండకి మొగ్గలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. విచ్చిన పూలు వ్యానువాళ్ళు ముట్టుకోరు. మంగాయమ్మగారు రెండు దోసిళ్ళు తీసి నా చున్నీలో పోసి, "పట్టుకెళ్ళండమ్మా, వాసన బాగుంటది" అంది. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చి కంపెనీకి రాశాను. వచ్చే ఆదివారానికి కూపన్ పంపారు, సిగ్గులేని మనుషులు. నా మీద నాకున్న కోపం అంతకంటే తక్కువేం కాదు. ఆ వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది. అందులో ఆవిడ కేక స్పష్టంగానే వినబడుతుంది, "పడవండీ, పడవ!" అని. దాని మీద మా ఆరుగురి నవ్వులు.

మీరు వెళితే ఒకటే సలహా. డబ్బు కట్టే ముందు ఆ పడవ మిగతా రోజుల్లో ఎవరిని దాటిస్తుందో అడగండి. అడగడం మరిచిపోయి ఎక్కేశారా, గట్టు మీద ఎవరైనా తువాలు ఊపితే చెయ్యి ఊపకండి. పడవ తిప్పమనండి.