మసి మావయ్య తిప్పిన చక్రం

మా మావయ్యను వీధి వీధంతా మసి మావయ్య అనే పిలుస్తుంది, వాళ్లకేమీ వరస కాకపోయినా. మోటార్లు బాగుచేయడం ఆయన పని. వాటి లోపల కార్బన్ ముక్కలు అరిగి రాలే నల్లటి పొడి ఆయన చేతి గీతల్లో ఇంకిపోయింది. ఏ సబ్బూ దాని జోలికి పోలేకపోయింది. మా ఇంటికొస్తే తలుపు మోచేత్తో తోస్తాడు, గ్లాసు మణికట్ల మధ్య ఇరికించుకుని నీళ్లు తాగుతాడు. అంత జాగ్రత్తపరుడూ నా పెళ్లినాడు సంతోషం పట్టలేక నా భుజం తట్టాడు. ఆ ఐదు వేళ్లూ నా పెళ్లిబట్టల మీద ఇప్పటికీ ఉన్నాయి.

అమ్మకు ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మ కుండలు, పూలకుండీలు చేస్తుంది. కాలితో తిప్పే పాత చక్రంతో అమ్మ మోకాళ్లు అరిగిపోతున్నాయని, మూలపడ్డ వ్యాయామ యంత్రం నుంచి డీసీ మోటారు ఊడదీసి, వేగం పెంచి తగ్గించే కంట్రోలర్ తగిలించి, ఆయనే కొత్త చక్రం కట్టిచ్చాడు. చిన్న మర తిప్పితే చాలు, చక్రం మెల్లగా మొదలై అమ్మకు ఎంత కావాలో అంత వేగం అందుకునేది. అక్క పనంటే ఆయన చెవి కోసుకుంటాడు.

కిందటేడు అమ్మకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట కాస్త ముద్దగా తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. కుండ గోడను బయటినుంచి నొక్కి పైకి లేపేది ఆ చెయ్యే. ఎడమచేత్తో చేద్దామని చూసింది. కానీ ఆ చక్రం తిరిగేది ఒకే దిక్కు, దాంతో ఎడమవైపున మట్టి వేళ్లకు ఎదురొస్తుంది. వేలు దిగబడి గోడ చిరిగిపోయేది. చిరిగినదాన్ని ముద్ద చేసి మళ్లీ వేసేది, మళ్లీ చిరిగేది. ఒకనాడు చక్రం మీద దుప్పటి కప్పేసి, దాన్ని పక్కవీధి బడివాళ్లకు ఇచ్చేస్తానని కబురు పంపింది. నేను బతిమాలాను, అలిగాను, కేకలేశాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఆ చక్రం గడప దాటితే అమ్మ కూడా సగం వెళ్లిపోతుందని నా భయం.

మావయ్య మాత్రం సరే ఇచ్చెయ్యమన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇచ్చేముందు మోటారు ఓసారి చూస్తానని మర్నాడు సంచీతో దిగినప్పుడు ఆయనకు కుర్చీ కూడా వెయ్యలేదు.

ఆయన అదేమీ పట్టించుకోకుండా వరండాలో నేల మీదే కూలబడి కంట్రోలర్ మూత విప్పాడు. లోపలి గదిలో ఉన్న అమ్మకు వినబడేలా గొంతు పెంచి, బడిలో ఎడమచేతివాటం పిల్లలు కూడా ఉంటారు కదా, చక్రం రెండువైపులా తిరగాలి కదా అని నాకు పాఠం మొదలుపెట్టాడు. కంట్రోలర్‌కు డీసీ కరెంటు తెచ్చే తీగలను తారుమారు చేస్తే అది మాడి ఊరుకుంటుందట. కంట్రోలర్ నుంచి మోటారుకు వెళ్లే రెండు తీగలనే అటుదిటు, ఇటుదటు చెయ్యాలట. మోటారు రెండోవైపు తిరుగుతుంది. ఆ పని మాటిమాటికీ చేతులతో చెయ్యక్కర్లేకుండా మధ్యలో ఒక మీట పెట్టాడు. అటొక దిక్కు, ఇటొక దిక్కు, నడుమ ఆగేచోటు. వేగం సున్నాకు తెచ్చి, చక్రం పూర్తిగా నిలిచాకే మీట మార్చాలని, పరిగెత్తేదాన్ని ఉన్నపళంగా వెనక్కి లాగితే మోటారు తట్టుకోదని రెండుసార్లు చెప్పాడు. ఆ తర్వాత వేగం మరను కుడివైపు నుంచి ఊడదీసి, అమ్మ పీట పక్కన కూర్చుని కొలత చూసుకుంటూ ఎడమవైపు బిగించాడు.

పిల్లల కోసం అమ్మ పీట కొలతెందుకు? అప్పుడు వెలిగింది నాకు. లేచి వెళ్లి ఆయనకు కుర్చీ తెచ్చాను.

"అక్కా, ఒక్కసారి వచ్చి చూసిపోవే. మోటారు సంగతి తెలుసుగానీ మట్టి సంగతి నాకేం తెలుసు?"

అమ్మ గొణుక్కుంటూ వచ్చి పీట మీద కూర్చుంది. ఆయన మట్టిముద్ద వేశాడు. చక్రం కొత్తవైపు తిరిగింది. అమ్మ ఎడమ అరచెయ్యి మట్టిమీద ఆనించి, అది వేళ్లకు అడ్డం రాకుండా సాగిపోతోందని తెలిసి, ముందుకు వంగింది. తర్వాత గట్టిగా నొక్కింది.

నొక్కగానే చక్రం పైపళ్లెం గిరగిరా మరలు విప్పుకుంటూ పైకి లేచి, ఓ పక్కకు ఒరిగి, మట్టిముద్దతో సహా మావయ్య ఒళ్లో పడింది.

ఆ పళ్లెం ఇరుసు మీద సీసామూతలా మరలతో బిగుసుకుని ఉంటుంది. పాతవైపు తిరిగినప్పుడు నొక్కినకొద్దీ బిగిసేది, ఇప్పుడు నొక్కినకొద్దీ వదులైంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మరలు బిగిస్తూ బతికిన మనిషి, తీగల ధ్యాసలో పడి ఆ సంగతే మర్చిపోయాడు. ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అమ్మ లేచిపోతుందనుకున్నాను, ఇక మళ్లీ ఈ వరండాలోకే రాదనుకున్నాను.

అమ్మ నవ్వింది. మూతి ఓ పక్కకు లాగేస్తున్నా ఆపుకోలేక, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. జబ్బు చేశాక ఆ నవ్వు వినడం అదే మొదలు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఒళ్లో మట్టితోనే మావయ్య పళ్లాన్ని మళ్లీ ఇరుసుకెక్కించి, దాని కింది మెడకు బెజ్జం వేసి, పక్కనుంచి ఇరుసులోకి దిగేలా ఒక మర బిగించాడు. అంతసేపూ అమ్మ పీట మీంచి కదల్లేదు. బిగించడం కాగానే తనే చెయ్యి చాచి వేగం మర తిప్పింది. ఈసారి పళ్లెం నిలిచింది. గోడ వణుకుతూ వణుకుతూ లేచింది. ఒకవైపు కుంగిన చిన్న గిన్నె అయింది, చిరగలేదు.

మావయ్య, బడివాళ్లు రేపే వస్తారు కదా, తుడిచి మూట కట్టనా అని అడిగాడు.

అమ్మ వేగాన్ని సున్నాకు తెచ్చింది. చక్రం పూర్తిగా ఆగేదాకా చూసింది.

"ఎవరో ఎడమచేతివాటం పిల్లలున్నారన్నావుగా, వాళ్లకి ఇంకోటి చేసిపెట్టరా. ఇది నాది."

మావయ్య తల ఊపి అటు తిరిగాడు, మెట్ల వైపు ఏదో పనున్నట్టు. ఇటు తిరిగేసరికి కళ్ల కింద నుంచి చెవులదాకా రెండు నల్లటి చారలున్నాయి. ఆ చేతులతో ఎవరికీ తెలియకుండా ఏడవడం ఆయన వల్ల ఎలా అవుతుంది?